ఓవర్‌టైమ్ కాగితం

మలేషియాలో, క్లాంగ్ బస్‌స్టాండుకు రెండు వీధుల అవతల, పళ్ల డాక్టరు క్లినిక్ పైన మూడో అంతస్తులో యోగేశ్వరి పనిచేసే ఆఫీసు ఉంది. అక్కడ ఇరవై మంది దాకా పనిచేస్తారు. అందరిదీ ఒకటే పని. ఎక్కడో దూరదేశంలో జరుగుతున్న ఆటను తెర మీద చూస్తూ, జరిగింది జరిగినట్టు కంప్యూటర్లోకి ఎక్కించాలి. వాళ్లు ఎక్కించింది రెండు మూడు సెకండ్లలో లక్షల మంది ఫోన్లలో స్కోరుగా కనిపిస్తుంది. ఆ ఫోన్లు చూసుకునేవాళ్లలో చాలామందికి క్లాంగ్ అనే ఊరు ఉందని కూడా తెలియదు.

ఒక్కో ఆటకు ఇద్దరు కూర్చుంటారు. ఒకరు ఎక్కిస్తారు. రెండోవారు సరిచూసి ‘సరే’ అనే మీట నొక్కుతారు. అది నొక్కితే తప్ప ఏదీ బయటికి పోదు.

యోగేశ్వరికి ముప్పై తొమ్మిదేళ్లు. పుట్టి పెరిగింది బంటింగ్‌లో. తండ్రి కూర్మయ్య ఎస్టేటులో పామాయిల్ గెలలు కోసి, ఎస్టేటు మూతపడ్డాక ఫ్యాక్టరీలో కాపలా కాసి, ఆరేళ్ల కిందట పోయాడు. ఇప్పుడు ఇంట్లో తల్లి మరిడమ్మ, తనూ. యోగేశ్వరి మొదట రబ్బరు గ్లవుజుల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేసేది. పదకొండేళ్ల కిందట ఈ ఆఫీసు తెరిచినప్పుడు ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు కావాలంటే వచ్చి చేరింది. అమెరికన్ ఫుట్‌బాల్ బల్ల ఎవరూ తీసుకోలేదు. ఆ ఆట ఎవరికీ అర్థం కాదు. కోడిగుడ్డులాంటి బంతి, శిరస్త్రాణాలు, నిమిషానికోసారి ఆగే ఆట. యోగేశ్వరి నియమాల పుస్తకం అచ్చు తీయించుకుంది. బంటింగ్ నుంచి క్లాంగ్‌కు బస్సులో గంట. ఆ గంటలో రోజుకు రెండు పేజీల చొప్పున పుస్తకమంతా చదివింది. అర్థం కానిచోట పాత ఆటలు పదేపదే చూసింది. ఏడాది తిరిగేసరికి ఆఫీసులో ఎవరికి ఏ సందేహం వచ్చినా ఆమె దగ్గరికే రావడం మొదలైంది. ఇప్పుడు సూపర్‌వైజరుగా ఉన్న రవిచంద్రన్‌కు ఆట నేర్పింది కూడా ఆమే. బటాంగ్ బెర్జుంటై నుంచి వచ్చిన తెలుగు కుర్రాడని దగ్గర కూర్చోబెట్టుకుని మరీ నేర్పింది.

మధులిక 2025 జనవరిలో చేరింది. ఇరవై ఏడేళ్ల పిల్ల, ఊరు పాలకొండ దగ్గర. కౌలాలంపూర్‌లో స్టాటిస్టిక్స్ చదవడానికి వచ్చి, చదువయ్యాక ఈ ఉద్యోగంలో కుదిరింది. మొదటి రెండు నెలలూ యోగేశ్వరికి ఆ పిల్లంటే ముద్దుగానే ఉండేది. “అక్కా, ఇది ఎందుకలా?” అని అడుగుతుంటే ఓపిగ్గా చెప్పేది. చెప్పింది రెండోసారి అడిగేది కాదు మధులిక. పనయ్యాక ఇద్దరూ మాట్లాడుకుంటూ బస్‌స్టాండు దాకా నడిచేవాళ్లు.

మార్చిలో అమెరికాలో ఒక వాదన లేచింది. నాలుగు భాగాలూ అయ్యాక స్కోరు సమానంగా ఉంటే పది నిమిషాలు ఓవర్‌టైమ్ ఆడిస్తారు. నాణెం ఎగరేసినప్పుడు గెలిచినవాళ్లు సాధారణంగా బంతి ముందు తామే తీసుకుంటారు. అప్పటి నియమం ప్రకారం, ఆ తొలి వంతులోనే వాళ్లు టచ్‌డౌన్ చేస్తే, అంటే బంతిని ఎదుటివాళ్ల గోల్ గీత దాటిస్తే, ఆట అక్కడితో సరి. రెండో జట్టు ఒక్కసారైనా బంతి పట్టుకోకుండానే ఇంటికి పోవాలి. సీజన్ చివర్లో జరిగే ప్లేఆఫ్ ఆటలకు మూడేళ్ల కిందటే దాన్ని మార్చారు. మామూలు ఆటలకు కూడా మార్చాలని, రెండు జట్లకూ ఒక్కో వంతు ఇచ్చి తీరాలని, ఓవర్‌టైమును పదిహేను నిమిషాలు చేయాలని ఒక జట్టువాళ్లు ప్రతిపాదన పెట్టారు.

ఆ వాదన క్లాంగ్‌లో ఆఫీసు పాంట్రీ దాకా వచ్చింది. నలుగురైదుగురు టీ తాగుతున్నారు. రవిచంద్రన్ విషయం చదివి వినిపించాడు.

“మార్చడమెందుకు?” అంది యోగేశ్వరి. “బంతి రాలేదని ఏడుపేటి? ఆపడానికి పదకొండుగురు నిలబడినారు కదా. ఆపలేకపోతే ఓడినట్టే లా.” అక్కడివాళ్లందరిలాగే మాట చివర ‘లా’ చేర్చడం ఆమెకు అలవాటు.

మధులిక బిస్కెట్ టీలో ముంచుతూ ఆగింది. “ఆపేవాళ్లు రెండు జట్లకీ ఉన్నారు కదక్కా. ఒకళ్లకే పరీక్ష పెట్టి రెండోవాళ్లని పాస్ చేసేస్తే ఎలా?”

“నాణెం ఎవరికీ సుట్టం కాదు. ఇద్దరికీ సమానమే.”

“నాణెం పడేదాకా సమానమే అక్కా. పడ్డాక కాదు. ముందు బంతి తీసుకున్నవాళ్లే ఎక్కువసార్లు గెలుస్తున్నారు. కావాలంటే లెక్క తీసి చూపిస్తాను.”

అందరూ నవ్వారు. రవిచంద్రన్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు యోగేశ్వరికి చెవిలో నీళ్లు పోయినట్టు అనిపించింది. పదకొండేళ్లలో ఆ గదిలో ఈ ఆట గురించి తను అన్న మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు.

“సరే, ఇద్దరికీ ఇచ్చినారనుకో,” అంది. “ముందోడు ఎనిమిది నిమిషాలు బంతి దగ్గర పెట్టుకుని టచ్‌డౌన్ సేసినాడనుకో. రెండోడికి మిగిలేది రెండు నిమిషాలు. అదేటి న్యాయం? పది నిమిషాలే ఉంచితే ఏ నియమమైనా ఒకటే.”

మధులిక కళ్లు పెద్దవి చేసింది. “ఇది నాకు తట్టలేదక్కా. చాలా మంచి పాయింటు.” అక్కడే ఫోన్లో రాసుకుంది.

మర్నాడు పొద్దున అందరికీ ఒక మెయిల్ వచ్చింది. మధులిక రెండు పేజీలు రాసింది. గత పన్నెండేళ్ల ఓవర్‌టైమ్ ఆటలు, ఎవరు ముందు బంతి తీసుకున్నారు, ఎవరు గెలిచారు, ఎన్ని నిమిషాలు పట్టింది, అన్నీ గీతలతో బొమ్మలతో. కింద, ‘పది నిమిషాల సమస్యను యోగేశ్వరి అక్క ముందే పట్టుకున్నారు’ అని ఒక వాక్యం. యోగేశ్వరి ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివింది. ఎవరింటి పెళ్లికో తను వండి పెట్టినట్టు ఉంది. ఆ రోజు సాయంత్రం పని ఉందని చెప్పి మధులికను ముందు పంపేసి, పావుగంట ఆగి ఒక్కతే బస్‌స్టాండుకు నడిచింది.

ఏప్రిల్ మొదటి తారీఖున అక్కడ జట్ల యజమానులు ఓటేశారు. ఇక మామూలు ఆటల్లోనూ రెండు జట్లకూ బంతి దక్కాల్సిందే. పదిహేను నిమిషాలు మాత్రం ఒప్పుకోలేదు, పదే ఉంచారు. నిజానికి ఇద్దరి మాటా సగం సగం నెగ్గినట్టే. కానీ ఆఫీసులో అందరూ మధులిక భుజం తట్టారు.

బల్ల వెనక గోడ మీద యోగేశ్వరి చేత్తో రాసిన కాగితం ఒకటి ఏళ్లుగా ఉంది. ఓవర్‌టైములో ఆట ఎప్పుడు ముగుస్తుందో, ఎప్పుడు ముగియదో వరసగా రాసి ఉంటుంది. కొత్తవాళ్లంతా దాన్ని చూసే నేర్చుకున్నారు. రవిచంద్రన్ దాన్ని ఊడదీస్తూ, “అక్కా, కొత్త నియమాల కాగితం మధులిక సేస్తాదిలే. నీకెందుకు మల్లీ ఈ బరువు?” అన్నాడు. మంచికే అన్నాడు. యోగేశ్వరి నవ్వి ఊరుకుంది. ఊడదీసిన కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ఆ తర్వాత ఆమె మనసు ఆమె చేతిలో లేదు. గదిలో ఎవరు ‘మధులికా’ అని పిలిచినా తల తిరిగేది. తన దగ్గరికి ఎవరైనా సందేహంతో వస్తే, ముందు ఆ పిల్లను అడిగి వచ్చారా అని చూసేది. మధులిక సెలవు పెట్టిన రోజు గది విశాలంగా కనిపించేది. ఇలా ఉండకూడదని తెలుసు. తెలిసినా తగ్గేది కాదు.

ఇంతలో ఇంట్లో ఇంకొకటి జరిగింది. ఆఫీసులో తెలుగు పిల్ల చేరిందని యోగేశ్వరి మొదట్లోనే తల్లికి చెప్పింది. మరిడమ్మ అప్పటినుంచీ తీసుకురమ్మని పోరుతోంది. జులైలో ఒక ఆదివారం తప్పనిసరై పిలిచింది. మధులిక బత్తాయి పళ్లు పట్టుకుని బస్సులో వచ్చింది.

“ఏ ఊరు పిల్లా నీది?” అని అడిగింది మరిడమ్మ.

“పాలకొండ దగ్గర అమ్మమ్మా.”

“పాలకొండా! ఓలమ్మో, మా అయ్య నోట ఎప్పుడూ ఆ మాటేనే. రా, ఇలాగొచ్చి కూకో.”

ఆఫీసులో పుస్తకంలా మాట్లాడే మధులిక, ముసలామె పక్కన కూర్చున్న రెండు నిమిషాల్లో మారిపోయింది. “మోకాలు నొప్పేటి అమ్మమ్మా? మా నాయనమ్మా ఇలాగే ఒకటే మూలుగుతాది,” అంటోంది. మరిడమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వుతోంది. వంటింట్లో చేపలు వేయిస్తున్న యోగేశ్వరికి ఆ నవ్వు కొత్తగా వినిపించింది. నాన్న పోయాక అమ్మ అలా నవ్వడం ఇదే మొదటిసారి.

“ఇకన్ బిలిస్ వేయించినాను, తింటావు కదా?” అంటూ పళ్లెం తెచ్చి పెట్టింది.

“అబ్బ, నెత్తళ్లు!” అంది మధులిక.

మరిడమ్మ కూతురి వైపు తిరిగింది. “ఇన్నావా? నెత్తళ్లు. మాట సూడు ఎంత సక్కగా ఉన్నాదో. నీ నోట్లో అన్నీ ఉన్నాయి, సగం తమిళం, సగం మలాయి. తెలుగే లేదు.”

“నీతో నేను మాట్లాడేది ఏటి మరి, సీన భాషా?” అంది యోగేశ్వరి. నవ్వుతూనే అంది కానీ గొంతు కటువుగా వచ్చింది. మధులిక గమనించినట్టుంది, మాట మార్చింది.

ఆ సాయంత్రం మధులిక వెళ్లిపోయాక మరిడమ్మ మూడుసార్లు అడిగింది, “మల్లీ ఎప్పుడొత్తాది?” అని. మూడోసారికి యోగేశ్వరి గిన్నెలు గట్టిగా తోమడం మొదలుపెట్టింది.

ఆగస్టు చివర్లో మధులిక కొత్త కాగితం తయారుచేసింది. రంగుల్లో అచ్చు వేయించి, ముందు యోగేశ్వరి చేతికి ఇచ్చింది. “గోడకి అంటించేముందు ఒకసారి చూడండక్కా. తప్పులుంటే చెప్పండి.”

యోగేశ్వరి చదివింది. చక్కగా ఉంది. తొలి వంతులో ఫీల్డ్ గోల్ వేస్తే, అంటే బంతిని కాలితో తన్ని మూడు పాయింట్లే తెచ్చుకుంటే ఏం చేయాలి, టచ్‌డౌన్ అయితే ఏం చేయాలి, పది నిమిషాలు అయిపోతే ఏం చేయాలి, అన్నీ ఉన్నాయి. కింద లావు అక్షరాలతో, ‘రెండు జట్లకూ బంతి దక్కేవరకు ఆట ముగిసిందని ఎట్టి పరిస్థితిలోనూ నొక్కవద్దు’ అని ఉంది.

అక్కడ ఒక తప్పుంది. బంతి పట్టుకున్నవాణ్ణి అతని సొంత గోల్ గీత వెనకే పడగొడితే దాన్ని సేఫ్టీ అంటారు. పడగొట్టినవాళ్లకు రెండు పాయింట్లు వస్తాయి. అరుదుగా జరుగుతుంది. ఓవర్‌టైములో తొలి వంతులోనే అది జరిగితే, పడగొట్టిన జట్టు తన వంతు ఆడకుండానే గెలిచినట్టు. పాత నియమంలో ఉన్న ఆ మాటను కొత్త నియమంలోనూ అలాగే ఉంచారు. యోగేశ్వరి పాత కాగితంలో అది ఎర్ర సిరాతో రాసి ఉండేది. మధులిక దాన్ని వదిలేసింది.

యోగేశ్వరి చూపు ఆ లావు అక్షరాల మీదే కాసేపు ఆగింది. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. చెబితే మధులిక ‘అయ్యో, భలే పట్టుకున్నారక్కా’ అంటుంది. సరిచేసి, కింద మళ్లీ ఒక వాక్యం రాస్తుంది యోగేశ్వరి పేరుతో. గోడ మీద కాగితం మాత్రం మధులికదే.

“బాగున్నాది,” అంది యోగేశ్వరి.

“అన్నీ సరిపోయాయా?”

“బాగున్నాది అన్నాను కదా.”

మధులిక సంతోషంగా వెళ్లి గోడకు అంటించింది.

సెప్టెంబరులో సీజను మొదలైంది. అమెరికాలో ఆదివారం రాత్రి ఆడే ఆట ఇక్కడ సోమవారం పొద్దున ఎనిమిదింటి తర్వాత మొదలవుతుంది. అక్టోబరు మొదటి సోమవారం ఆ ఆటకు మధులిక ఎక్కించడానికి, యోగేశ్వరి సరిచూడడానికి కూర్చున్నారు. వాళ్లకు వచ్చే వీడియోలో వ్యాఖ్యానం ఉండదు, మైదానం గోల మాత్రమే వినిపిస్తుంది. పదకొండున్నర దాటేసరికి ఆట సమానమై ఓవర్‌టైముకు పోయింది. రవిచంద్రన్ వచ్చి వెనక నిలబడ్డాడు. కొత్త నియమం వచ్చాక ఈ బల్ల మీద ఇదే మొదటి ఓవర్‌టైమ్.

తెల్ల చొక్కాల జట్టు ముందు బంతి తీసుకుంది. వచ్చిన బంతిని పట్టుకున్నవాడు జారవిడిచి, మళ్లీ దాని మీద పడి, తన గోల్ గీతకు మూడు గజాల ఇవతల దొరికిపోయాడు. రవిచంద్రన్‌కు ఫోన్ వచ్చి బయటికి వెళ్లాడు. తర్వాతి ఎత్తులో బంతి విసిరేవాడు వెనక్కి తగ్గాడు, తగ్గాడు, నీలం చొక్కావాళ్లు ఇద్దరు వచ్చి గోల్ గీత వెనకే అతన్ని కూలదోశారు. రెఫరీ రెండు చేతులూ తలపైన కలిపాడు. సేఫ్టీ.

మధులిక వేళ్లు చకచకా కదిలాయి. సేఫ్టీ, రెండు పాయింట్లు. యోగేశ్వరి ‘సరే’ నొక్కింది. అక్కడిదాకా సరైనదే. తర్వాత ఆట ముగిసిందని నొక్కాలి. మధులిక తలెత్తి గోడ మీది కాగితం చూసింది. మామూలుగా సేఫ్టీ తర్వాత పాయింట్లు పోగొట్టుకున్నవాళ్లు బంతిని తన్ని ఎదుటివాళ్లకు ఇస్తారు. ఆమె ‘బంతి నీలం జట్టుకు, ఆట సాగుతోంది’ అని ఎంచుకుంది. కానీ ఎందుకో అనుమానం వచ్చినట్టుంది. తల తిప్పి యోగేశ్వరి వైపు చూసింది.

ఒక్క క్షణమే. యోగేశ్వరి నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. ఆమె తెర వైపు ముఖం తిప్పుకుంది. తర్వాత ఆమె వేలు ‘సరే’ నొక్కింది.

మైదానంలో నీలం చొక్కాలవాళ్లు ఎగిరి గంతులేస్తున్నారు. కోచ్‌లు నడిచి వచ్చి చేతులు కలుపుకుంటున్నారు. “అదేంటి?” అంది మధులిక. “అక్కా, వాళ్లెందుకు లోపలికి వచ్చేస్తున్నారు?” వెంటనే అర్థం చేసుకుని, ఆట ముగిసిందని ఎక్కించింది. అప్పటికి యాభై సెకండ్లు దాటింది. ఆ యాభై సెకండ్లూ లక్షల ఫోన్లలో, అయిపోయిన ఆట సాగుతూనే ఉంది.

అరగంటలో ఫిర్యాదు వచ్చింది. స్కోర్లు కొనుక్కునే కంపెనీ నుంచి ఎవరో అరుస్తుంటే రవిచంద్రన్ ఫోన్ చెవికి దూరంగా పట్టుకోవడం అద్దం అవతల కనిపించింది. అతను బయటికొచ్చి ఇద్దర్నీ పిలిచాడు.

“కాగితం నేనే రాశాను సర్,” అంది మధులిక ముందుగానే. “సేఫ్టీ మాట వదిలేశాను. తప్పు నాదే.”

రవిచంద్రన్ యోగేశ్వరి వైపు తిరిగాడు. “అక్కా, నువ్వు సూడలేదేటి?”

“గోడ మీద ఉన్నదే సూసినాను,” అంది యోగేశ్వరి.

అది అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా వచ్చింది.

మధ్యాహ్నానికే మధులికను ఆ బల్ల నుంచి తీసేశారు. నవంబరులో ఆమె వర్క్ పర్మిట్ పొడిగించాలి, ఆఫీసు సిఫారసు కావాలి. ఇప్పుడు సిఫారసు చేయడం కష్టమని రవిచంద్రన్ బాధగా చెప్పాడు. మధులిక తన సామాన్లు సర్దుకుంటూ యోగేశ్వరి దగ్గరికి వచ్చింది. “నా వల్ల మీకు మాట వచ్చింది. సారీ అక్కా,” అంది. యోగేశ్వరి తలూపింది.

సాయంత్రం బస్‌స్టాండులో ఆమె వేడి వడలు కొనుక్కుని నిలబడి తింది. చాలా నెలల తర్వాత నోటికి రుచి తెలిసింది. దాచుకోవడమెందుకు, ఆమెకు సంతోషంగానే ఉంది. గోడ మీది కాగితాన్ని రవిచంద్రన్ చింపేశాడు. కొత్తది యోగేశ్వరినే రాయమన్నాడు. బస్సు ఎక్కి కూర్చున్నాక ఏమేం రాయాలో మనసులో వరసగా పేర్చుకుంది కూడా.

మర్నాడు మంగళవారం రవిచంద్రన్ తన కంప్యూటర్లో ఒక మెయిల్ చూపించాడు. మధులిక పై అధికారులకు రాసుకున్న వివరణ. “సూడక్కా, ఆ పిల్ల నిన్ను ఎలా కాపాడిందో,” అన్నాడు. అందులో, ‘సరిచూసినవారి తప్పు ఏమీ లేదు. ఈ ఆట నాకు నేర్పింది ఆవిడే. నేను రాసిన కాగితాన్ని నమ్మి ఆవిడ సరే నొక్కారు. దయచేసి ఆవిడను ఇందులోకి తీసుకురావద్దు’ అని ఉంది.

యోగేశ్వరి తన బల్ల దగ్గరికి వెళ్లి కొత్త కాగితం ముందు పెట్టుకుంది. ఫీల్డ్ గోల్ గురించి రాసింది. టచ్‌డౌన్ గురించి రాసింది. సేఫ్టీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి సాగలేదు. ఆ ఒక్క వాక్యం సాయంత్రం దాకా అలాగే ఉండిపోయింది. ఇంటికెళితే మరిడమ్మ, “ఆ పిల్ల ఈ ఆదివారం వత్తాదా?” అని అడిగింది. రాదని చెప్పి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

బుధవారం పొద్దున అందరికంటే ముందు ఆఫీసుకు వచ్చి రవిచంద్రన్ కోసం కూర్చుంది. అతను బ్యాగు కింద పెట్టేలోపే మొదలుపెట్టింది.

“రవీ, ఆ మాట కాగితంలో లేదని నాకు ఆగస్టులోనే తెలుసు.”

అతనికి వెంటనే అర్థం కాలేదు. “ఏ మాట?”

“సేఫ్టీ. అంటించేముందు ఆ పిల్ల నాకు సూపించింది. బాగున్నాది అన్నాను. సోమవారం కూడా తెలుసు. నా వైపు సూసింది, నేను సెప్పలేదు. తెలిసే సరే నొక్కినాను.”

రవిచంద్రన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఎందుకక్కా?”

రాత్రంతా ఆమె కారణాలు వెతుక్కుంది. పదకొండేళ్ల చాకిరీ, ఊడదీసిన కాగితం, పాంట్రీలో నవ్వు. ఇప్పుడు అతని ముఖం చూస్తే అవేవీ కారణాలుగా కనిపించలేదు.

“కుళ్లు,” అంది.

అతను కంప్యూటర్ తెరిచి, మళ్లీ మూసేశాడు. తర్వాత, “నేను పైకి రాయాల, అక్కా. దాచలేను,” అన్నాడు.

“రాయి లా. అందుకే సెప్పినాను.”

“ఆ పిల్లకి మాత్రం నువ్వే సెప్పు. నేను సెప్పను.”

మధులిక కింద టిఫిన్ కొట్టులో రొట్టె ముందు పెట్టుకుని కూర్చుంది. యోగేశ్వరి ఎదురుగా కూర్చుని, రవిచంద్రన్‌కు చెప్పినదే చెప్పింది. మధులిక మొదట వింటున్నట్టు తలూపింది. తర్వాత తలూపడం ఆగిపోయింది.

“నేను మీ వైపు చూశాను కదా,” అంది.

“సూసినావు.”

“మీరు తెర వైపు తిరిగారు.”

“తిరిగినాను.”

“ఆ కాగితం మీద నాకు నమ్మకం లేదక్కా. మొదటిసారి రాశాను. మీరు బాగుందన్నారు కాబట్టే గోడకి అంటించాను.” ఆమె రొట్టె పళ్లెం పక్కకు జరిపింది. “నేనేం చేశాను మీకు?”

“ఏమీ సెయ్యలేదు. నీకు అన్నీ బేగి వచ్చేసినాయి. నేను వాటికోసం పదేళ్లు కష్టపడినాను. అది ఓర్సుకోలేకపోయినాను.”

మధులిక రొట్టె అలాగే వదిలేసి లేచి వెళ్లిపోయింది.

పైవాళ్లు ఆ వారంలోనే తేల్చారు. యోగేశ్వరిని ఆ సీజను మొత్తానికి ప్రత్యక్ష ఆటల నుంచి తప్పించి, పాత ఆటల రికార్డులు సరిచూసే మూల బల్లకు పంపారు. ఉద్యోగం పోలేదు, రవిచంద్రన్ మాట సాయం చేశాడని తర్వాత తెలిసింది. మధులిక తన బల్లకు తిరిగి వచ్చింది, సిఫారసు అందింది, పర్మిట్ పొడిగించారు. గోడ మీద కాగితాన్ని మధులికే మళ్లీ రాసింది. మూల బల్ల నుంచి చూస్తే అది దూరంగా రంగుల మచ్చలా కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్లు దాని ముందు నిలబడి మధులికను ప్రశ్నలు అడుగుతుంటే యోగేశ్వరికి ఇప్పటికీ గుండెల్లో చురుక్కుమంటుంది. తప్పు ఒప్పుకుంటే అది పోతుందని అనుకుంది. పోలేదు.

మరిడమ్మకు కూడా చెప్పింది. తల్లి తిట్టలేదు. తమలపాకు మడిచి నోట్లో పెట్టుకుని, “దాని నంబరు కలిపి నాకియ్యి,” అంది. ఫోన్లో ఏం మాట్లాడిందో యోగేశ్వరి వినలేదు, కావాలనే పెరట్లోకి వెళ్లిపోయింది.

డిసెంబరులో ఒక ఆదివారం మధులిక వచ్చింది. యోగేశ్వరితో “బాగున్నారా” అన్న ఒక్క మాట తప్ప మాట్లాడలేదు. మరిడమ్మ పక్కన కూర్చుని మూడు గంటలు గడిపింది. యోగేశ్వరి టీ ఇచ్చింది, అన్నం పెట్టింది, పళ్లేలు తీసింది. సాయంత్రం చినుకులు పడుతుంటే గొడుగు పట్టుకుని బస్సు దాకా తోడు వెళ్లింది. ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచారు, యోగేశ్వరి గొడుగును మధులిక వైపే వంచి పట్టుకుంది.

“నాకు కోపం పోలేదక్కా,” అంది మధులిక బస్‌స్టాపులో. “అమ్మమ్మ కోసం వచ్చాను.”

“తెలుసు.”

“మీ పక్కన కూర్చుని మళ్లీ ఆట ఎక్కించగలనో లేదో తెలియదు.”

“అడగనులే.”

క్లాంగ్ బస్సు వచ్చింది. మధులిక ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. చెయ్యి ఊపలేదు కానీ, బస్సు మలుపు తిరిగేదాకా యోగేశ్వరి వైపే చూసింది.

ఇంటికి వచ్చేసరికి మరిడమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని, మధులిక చెప్పిన ఏదో మాట తలుచుకుని తనలో తను నవ్వుకుంటోంది. యోగేశ్వరి గొడుగు ముడిచి గుమ్మం దగ్గర పెట్టింది.

“అమ్మా,” అంది. “నువ్వు ఆ పిల్లతో నవ్వుతుంటే నాకు కుళ్లొత్తున్నాది.”

మరిడమ్మ నవ్వు ఆపి కూతుర్ని ఎగాదిగా చూసింది. తర్వాత కాళ్లు ముడుచుకుని మంచం మీద చోటిచ్చింది.

“రాదేటి మరి? వత్తాది,” అంది. “తల తడిసిపోనాది, ముందు తుడుసుకో. తుడుసుకుని ఇలాగొచ్చి కూకో.”